లిండెన్‌డార్ఫ్ గంట

టౌను అంచున మాసన్ లేక్స్ అనే కొత్త కాలనీలో అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్న రోజులవి. దానికి కాస్త అవతల, చర్చి పక్కనుంచి వెళ్లే అడ్డదారికి మాత్రం మంచి పేరు లేదు.

నూటయాభై ఏళ్ల కిందట ఓడల్లో వచ్చిన జర్మన్ రైతులు అక్కడ ఊరు కట్టుకుని లిండెన్‌డార్ఫ్ అని పేరు పెట్టుకున్నారట. టౌను పెరిగి పెరిగి ఆ ఊరిని మింగేసింది. మింగుడుపడక మిగిలినవి చర్చీ, సమాధులూ, ఒక ఇల్లూ... రోజూ రాత్రి పన్నెండింటికి తనంతట తానే మోగే గంట.

"ఎటన్నా తిరిగి రా భాయ్, లిండెన్‌డార్ఫ్ దారిన మాత్రం నకో," అని పక్కింటి హైదరాబాదీ ఇషాక్ మెల్విన్‌కి వందసార్లు చెప్పాడు.

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు — పగటిపూట. మెల్విన్‌కి ఆ వెసులుబాటు కూడా లేదు. తెనాలి నుంచి వచ్చినవాడు, ఇరవై నాలుగు గంటలూ భయపడగల మనిషి.

భయమే అతని ఉద్యోగం కూడా. రెండువేల సంవత్సరం రాగానే, ఏడాదిని రెండంకెల్లో రాసుకున్న కంప్యూటర్లన్నీ పంతొమ్మిది వందల సంవత్సరంలో పడ్డామనుకుని పిచ్చెత్తిపోతాయని లోకమంతా వణుకుతున్న కాలం. ఆ వైటూకే పనికే టౌను కౌన్సిల్ అతన్ని పెట్టుకుంది. అందులో ఆఖరి పని ఊళ్ల పట్టీ సరిచెయ్యడం. లిండెన్‌డార్ఫ్ పేరు కొట్టేసి కొత్త కాలనీ పేరు ఎక్కించాలి. ఒక్క వరస. ఒక్క మీట.

"ముప్పై ఒకటిలోగా అయిపోవాలయ్యా," అన్నాడు కాంట్రాక్టు పట్టిన శేషాచలం. "తేడా వస్తే నీ వీసా సంగతి నేను చూడను."

డిసెంబరు మొదటివారంలో ఓ రాత్రి ఆఖరి బస్సు పోయింది. నడక... అడ్డదారి.

చర్చి దాకా వచ్చాడో లేదో —

టంగ్...

కాళ్లు ఆగిపోయాయి. ప్రభువు ప్రార్థన ఎత్తుకున్నాడు. "పరలోకమందున్న"... తర్వాత ఏంటో గుర్తు రాలేదు. నోట్లోకి రెండో ఎక్కం వచ్చింది. ఏదో ఒకటని అదే చదివాడు.

టంగ్... టంగ్...

పరిగెత్తాడు. చర్చి వైపే పరిగెత్తాడని రాయి తగిలి బోర్లా పడ్డాక తెలిసింది.

గంట ఆగింది. తలుపు కిర్రుమంది. తెల్లటి ఆకారం... చేతిలో లాంతరు... ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి అతని నెత్తిమీద నిలబడింది.

"ముందు మా అమ్మ మీంచి లే," అంది ఇంగ్లీషులో.

మెల్విన్ సమాధి మీంచి లేచాడు. ఆకారానికి కాళ్లున్నాయి. కాళ్లకి ఉన్ని మేజోళ్లున్నాయి. పేరు హెడ్విగ్. ఎనభై ఆరేళ్లు. ఆ మిగిలిన ఒక్క ఇల్లూ ఆవిడదే.

"గంట... మీరేనా ఆంటీ? ఈ వేళప్పుడా?"

"పగలు కొడితే వినేదెవరు? అందరూ ఆఫీసుల్లో ఉంటారు. రాత్రయితే ఉలిక్కిపడి లేచి, లిండెన్‌డార్ఫ్‌లో దెయ్యం అంటారు. బోర్డు పీకేశారు, మ్యాపులో తీసేశారు. భయపడ్డ నోట్లోంచి పేరు తియ్యమను, చూద్దాం!"

మొదటి ప్రపంచయుద్ధంలో, శత్రువుల భాషని, జర్మన్ పేర్లన్నీ కొట్టేసినప్పుడు ఈ ఊరికీ ఏదో ఇంగ్లీషు పేరు తగిలించారట. అప్పట్లో చర్చి గంట కొట్టే హెడ్విగ్ నాన్న, ఎవరడిగినా పాత పేరే చెప్పేవాడట. పట్టుకుపోయి ఖైదీల క్యాంపులో పెట్టారు.

"తర్వాత ఊరి పేరు తిరిగొచ్చింది," అంది హెడ్విగ్. "నాన్న రాలేదు."

మెల్విన్ మట్టి దులుపుకోవడం ఆపాడు. "ఆంటీ... ఇప్పుడా పేరు తీసెయ్యాల్సింది నేనే."

ఆవిడ లాంతరెత్తి మొహంలోకి చూసింది. "నువ్వా? రాయి తగిలితే లేవలేనివాడివి, నువ్వు ఊరిని లేపేస్తావా?"

మర్నాడు మెల్విన్ ఆఫీసులో తన జన్మకల్లా పెద్ద అబద్ధం ఆడాడు. "సార్, ఆ ఒక్క వరస కదిలిస్తే పాత తేదీలన్నీ కదులుతాయి. ఒకటో తారీఖున ఏమవుతుందో... నేను చెప్పలేను."

చర్చిలో దెయ్యమంటే నవ్వే శేషాచలం, రెండంకెల దెయ్యం పేరు వినగానే తెల్లబోయాడు. "ముట్టుకోకయ్యా బాబూ! పన్నెండు దాటాక, నా కళ్లెదుట కొట్టేద్దువుగాని. నువ్వు చెప్పింది అబద్ధమని తేలిందో... మొదటి ఫ్లైటు నీదే."

ముప్పై ఒకటో తారీఖు రాత్రి. ఆఫీసులో ఇద్దరే. కిటికీలోంచి, ఇళ్ల కప్పుల అవతల దూరంగా చర్చి గోపురం.

పదకొండు యాభై తొమ్మిది... పన్నెండు.

దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. లోకానికి ఏమీ కాలేదు. గంట కూడా మోగలేదు.

మెల్విన్ కిటికీకి మొహం ఆనించి గోపురం వంక చూశాడు.

"చూశావా? బతికే ఉన్నాం," అన్నాడు శేషాచలం. "ఇంక కొట్టెయ్."

"కొట్టను."

ఆ మాట ఎవరన్నారా అని మెల్వినే ఓసారి వెనక్కి చూసుకున్నాడు.

"ఏంటీ?"

"అది వరస కాదు సార్. ఊరు. పంపిస్తే పంపించండి, నేను మాత్రం కొట్టను."

"నువ్వు కొట్టకపోతే నాకు చేతుల్లేవా?" శేషాచలం కుర్చీ లాక్కున్నాడు. వేలు మీట మీదికి దిగింది —

టంగ్...

వేలు గాల్లోనే ఆగింది.

టంగ్... టంగ్... ఎప్పటిలా కాదు. గట్టిగా, తాడు తెగిపోయేట్టు.

శేషాచలం చెయ్యి మెల్లగా ఒళ్లోకి వచ్చేసింది. "ఉండనీవయ్యా," అన్నాడు గుసగుసగా. "పేరేగా... మనల్నేం తింటోంది."

మెల్విన్‌కి నవ్వాగలేదు. ముసలావిడ సరిగ్గా అందుకుంది!

ఫోను మోగింది. అతని భార్య జ్ఞానకుమారి.

"ఏమండీ, మీరు భోజనానికి రమ్మన్నారుగా, హెడ్విగ్ మామ్మ వచ్చింది. తిని, సోఫాలో అలాగే నిద్రపోయింది. గంట కొట్టాలి, పన్నెండింటికల్లా దింపమంది, ఎంత లేపినా లేవట్లా... ఏం చెయ్యమంటారు?"

కిటికీ అవతల గంట ఇంకా మోగుతూనే ఉంది.

తెల్లారి ఈ సంగతంతా చెబితే, హెడ్విగ్ కాఫీలో రొట్టె ముంచుకుంటూ తాపీగా అడిగింది.

"ఎన్నింటికి మోగింది?"

"పన్నెండూ రెండుకి ఆంటీ."

"రెండు నిమిషాలు ఆలస్యమా? అయితే నాన్నే. ఆయనెప్పుడూ అంతే."