పకపకల మేడలో నవ్వేదెవరు?

మధ్యాహ్నం బెల్ మోగిందో లేదో, తెలుసమ్మ బెంచీ చుట్టూ పిల్లలు మూగారు. లంచ్ బాక్సులు తెరిచేవాళ్లు తెరుస్తున్నారు గానీ చెవులు మాత్రం అందరివీ ఇటే ఉన్నాయి.

ఆ పిల్ల అసలు పేరు టీచర్ హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు. ఏమడిగినా "ఓస్, నాకు తెలుసు" అంటుంది కాబట్టి తెలుసమ్మ అయిపోయింది. పైగా వాళ్లమ్మ సినిమా హాల్లో టికెట్లు ఇస్తుంది. ఇక శుక్రవారం కొత్త సినిమాలు వచ్చాయంటే తెలుసమ్మకి పట్టపగ్గాలుండవు.

"ఈ వారం ఏమేం వచ్చాయే?" అని అడిగారు పిల్లలు.

"ఒకటి ఫుట్‌బాల్ సినిమా. ఒకటి దొంగల సినిమా, దొంగెవరో చివరిదాకా తెలీదు. ఇంకోటి 'దెయ్యానికి జలుబు'. ఇంకోటి 'పకపకల మేడ'. మా అమ్మ వాళ్ల హాల్లో అన్నీ ఆడుతున్నాయి."

పక్కనే కూర్చునే బటానీ ఆమె చేయి పట్టుకుని లాగింది. బటానీ అంటే తెలుసమ్మ ప్రాణ స్నేహితురాలు. పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని వాళ్ల నానమ్మే ఆ పేరు పెట్టింది.

"రేపు మా తమ్ముణ్ణి మొదటిసారి సినిమాకి తీసుకెళ్తున్నాం. నానమ్మ తీసుకెళ్తుంది. వాడసలే పిరికిపిల్లి. బాత్‌రూమ్‌కి వెళ్లాలన్నా లైటేసి, తలుపు దగ్గర నన్ను కాపలా పెడతాడు. వాడికి ఏ సినిమా చూపించమంటావ్?"

"ఇది కూడా అడగాలా? పకపకల మేడ! పకపకా అంటే ఏంటి? నవ్వే కదా. కడుపు చెక్కలయ్యేలా నవ్వుకోవచ్చు. ఆ జలుబు దెయ్యం జోలికి మాత్రం వెళ్లకండి. పేరులోనే దెయ్యం ఉంది."

"నువ్వు చూశావా?"

లేదు అంటే సరిపోయేది. కానీ చుట్టూ అంతమంది నోళ్లు తెరుచుకుని వింటుంటే, లేదు అన్న మాట తెలుసమ్మ గొంతులోనే ఇరుక్కుపోయింది.

"చూడకుండా చెప్తానా!" అంది.

నిజానికి ఆమె చూసింది బస్సు కిటికీలోంచి కనిపించిన పోస్టర్ మాత్రమే. పెద్ద మేడ, కిటికీల నిండా లైట్లు, పైన డాన్స్ చేస్తున్నట్టు వంకరటింకర అక్షరాలు. అంతలోనే బస్సు మలుపు తిరిగింది.

మర్నాడు అమ్మ లంచ్ బాక్స్ మరిచిపోయి పనికి వెళ్లింది. తెలుసమ్మ దాన్ని తీసుకుని సినిమా హాలుకి వచ్చేసరికి మ్యాట్నీ మొదలై కాసేపయింది. అద్దాల తలుపుల లోపల చల్లగా ఉంది. కార్పెట్ మీద ఎవరో ఒలకబోసిన పాప్‌కార్న్‌ని ఒకాయన చీపురుతో ఎత్తుతున్నాడు. కౌంటర్ కిటికీలోంచి అమ్మ చేయి చాచి బాక్స్ అందుకుంది.

"నా తల్లే! ఆకలితో చచ్చిపోతున్నా. తిన్నావా నువ్వు?"

"తిన్నానమ్మా" అంటూనే తెలుసమ్మ ఆగిపోయింది. పకపకల మేడ ఆడుతున్న హాలు తలుపు వెనకనుంచి పెద్ద కేక వినిపించింది. ఒకరిది కాదు, హాలంతా కలిసి పెట్టిన కేక.

ఆ తలుపు దగ్గర స్టూలు మీద గేటు తాతయ్య కూర్చున్నాడు. టికెట్లు చింపడం, టార్చిలైటు వేసి సీట్లు చూపించడం ఆయన పని.

"తాతయ్యా, అందరూ ఎందుకలా అరుస్తున్నారు? ఇది నవ్వుల సినిమా కదా?"

తాతయ్య ఆమెని వింతగా చూశాడు. "నవ్వులే. కానీ నవ్వేది దెయ్యమమ్మా."

తెలుసమ్మ స్టూలు దగ్గరికి జరిగింది.

"ఒక నానమ్మ, ఒక అమ్మాయి, ఒక చిన్న బాబు... వీళ్లు గానీ లోపలికి వెళ్లారా?"

"వెళ్లారు. భయం సినిమా, బాబు చిన్నవాడు, వద్దండీ అని నేను చెప్పి చూశాను. ఆవిడ వింటేనా? 'మా పిల్ల స్నేహితురాలు చూసి మరీ చెప్పింది, వాళ్లమ్మ ఇక్కడే పని చేస్తుంది, ఆ పిల్లకి తెలీదా' అంది. ఇక నేనేం మాట్లాడను?"

తెలుసమ్మ హాలు తలుపువైపు చూసింది. తను ఊరికే అన్న మాటని ఒక పెద్దావిడ అంత గట్టిగా నమ్మింది. అంత నమ్మకం చూసి ఏడుపొచ్చింది. ఇప్పుడే వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోతే ఎవరికీ తెలియదు అనిపించింది. ఒక అడుగు వెనక్కి వేసింది కూడా. కానీ లోపల, ఆ చీకట్లో, లైటు లేకపోతే బాత్‌రూమ్‌కి కూడా వెళ్లని పిల్లాడున్నాడు.

"తాతయ్యా, నన్ను లోపలికి తీసుకెళ్లవా? వాళ్లని బయటికి తేవాలి."

తాతయ్య టార్చి తీసుకుని లేచాడు.

హాల్లో చీకటి. తెర మీద ఎవరో మెట్లెక్కుతున్నారు. అంతలో మేడ మీద నుంచి నవ్వు మొదలైంది. పక... పక... పక... అదేం నవ్వో గానీ, తెలుసమ్మ తాతయ్య చొక్కా అంచు పట్టుకుని తెరవైపు చూడకుండా నడిచింది.

టార్చి వెలుగులో ముందు బటానీ కనిపించింది. తర్వాత నానమ్మ. ఆవిడ సీటు కిందికి వంగి, "రారా నాన్నా, ఇంటికెళ్లిపోదాం, రారా" అని బతిమాలుతోంది. సీటు కింద బటానీ తమ్ముడు బుజ్జోడు ముడుచుకుపోయి ఉన్నాడు. చెవులు రెండూ మూసుకున్నాడు.

తెలుసమ్మ నేల మీద బోర్లా పడుకుంది. "బుజ్జోడా, నేనురా, అక్కని. బయట లైటుంది. తాతయ్య దగ్గర కూడా లైటుంది, చూడు."

వాడు టార్చివైపు చూశాడు. మెల్లగా చేయి చాచాడు.

బయటికి రాగానే నానమ్మ వాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుంది. బటానీ మాత్రం తెలుసమ్మ ముందు నిలబడింది. ముఖం ఎర్రగా కందిపోయింది.

"చూశానన్నావు కదే!"

"చూడలేదు" అంది తెలుసమ్మ. "అబద్ధం చెప్పాను. పేరు చూసి నవ్వుల సినిమా అనుకున్నాను. నానమ్మా, తప్పు నాదే. బుజ్జోడా, నాదేరా తప్పు."

కౌంటర్లోంచి వచ్చిన అమ్మ ఇదంతా విని, కూతురివైపు ఒక్క చూపు చూసింది. తిట్టలేదు. ఆ చూపు కంటే నాలుగు తిట్లు తిన్నా బాగుండేది.

నానమ్మ నిట్టూర్చింది. "పోనీలే అమ్మాయ్. వచ్చి చెప్పావు, అదే చాలు. గేటు దగ్గర ఆయన చెప్పింది విననందుకు నాకూ బుద్ధొచ్చింది." తర్వాత గొంతు తగ్గించి, "అవునండీ, ఇంతకీ ఆ మేడలో నవ్వేదెవరు?" అని తాతయ్యని అడిగింది.

బటానీకి నవ్వాగలేదు. తెలుసమ్మకి కూడా నవ్వొచ్చింది, కానీ ఇంకా నవ్వే హక్కు లేదేమో అని పెదవి కొరుక్కుంది. బటానీ మోచేత్తో ఆమెని పొడిచింది. మామూలుగా పొడిచినట్టే పొడిచింది. హమ్మయ్య, మాట్లాడుతుంది అనుకుంది తెలుసమ్మ.

అమ్మ మేనేజర్ గారిని అడిగి వచ్చింది. "తర్వాతి ఆటకి దెయ్యానికి జలుబు టికెట్లు మార్చిస్తారట. వెళ్తారా?"

బుజ్జోడు నానమ్మని గట్టిగా పట్టుకున్నాడు. "వద్దు. సినిమా వద్దు. ఎప్పుడూ వద్దు." కాసేపటికి తల కొంచెం ఎత్తి తెలుసమ్మని చూశాడు. "అక్కా, ఆ దెయ్యం భయపెడుతుందా?"

అందరూ తెలుసమ్మవైపు చూశారు. 'భయపెట్టదురా, నాకు తెలుసు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే వాడు నమ్మేస్తాడు కూడా.

"నాకు తెలీదురా" అంది. "ఉండు, కనుక్కొస్తాను."

జలుబు దెయ్యం ఆడుతున్న హాలు తలుపు దగ్గరికి వెళ్లి, తాతయ్యని అడిగి, సందులోంచి తొంగి చూసింది. చాలాసేపు చూసింది. తిరిగొచ్చి బుజ్జోడి ముందు గొంతుకూర్చుంది.

"నేను చూసినంతే చెప్తాను. దెయ్యం తెల్లగా, లావుగా ఉంది. ముక్కు ఎర్రగా ఉంది. తుమ్మితే ఇంటి కప్పు ఎగిరిపోయింది. హాల్లో నీలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు, అందరూ నవ్వుతున్నారు. ఒక పాప మాత్రం ఏడుస్తోంది. ఐస్‌క్రీమ్ కింద పడిపోయిందట, అందుకు."

"తర్వాత భయపెడుతుందేమో?"

"అది నేను చూడలేదు."

వాడు ఆలోచించాడు. "నువ్వు కూడా రా. భయమేస్తే బయటికి తీసుకురావాలి."

"తీసుకొస్తా."

ఆట మొదలైంది. చివరి సీట్లో, తలుపుకి దగ్గరగా, బుజ్జోడు తెలుసమ్మ వేలు పట్టుకుని కూర్చున్నాడు. దెయ్యం తుమ్మింది. కప్పు ఎగిరింది. వాడు ఉలిక్కిపడ్డాడు, వెంటనే కిలకిలా నవ్వాడు. ఆ నవ్వు వినగానే తెలుసమ్మకి గుండె మీద బండ దించినట్టయింది.

తెర మీద దెయ్యం మందు తాగనని మొండికేసి, ఎగిరిపోయిన కప్పు ఎక్కి కూర్చుంది. కప్పు గాల్లో ఊగుతోంది.

"అక్కా, ఇప్పుడేమవుతుంది?"

"తెలీదురా. చూద్దాం."

బుజ్జోడు ఆమె వేలు వదిలేసి, రెండు చేతులూ ముందు సీటు మీద ఆనించి, తెరవైపు వంగి కూర్చున్నాడు.