మత్తు వద్దన్న మనిషి

అమీర్‌పేట మెట్రో మెట్ల మీద ఏజెంట్ సురేందర్ గొంతు తెగింది. ప్రాణం పోయేలోపు అతను హంతకుడి బొటనవేలిని పట్టి, కీలు తప్పేదాకా మెలితిప్పాడు. మాస్కు వల్ల హంతకుడి ముఖం మాత్రం కెమెరాకు చిక్కలేదు.

తోటి ఏజెంట్ నవీన ఫోన్ మోగింది. అవతల చీఫ్ జోగారావు.

"వాడి టార్గెట్ మిస్సైల్ సైంటిస్ట్ హనుమత్ప్రసాద్ గారు. పంజాగుట్ట ఆసుపత్రిలో ఉన్నారు. గేటు దగ్గర మనవాళ్లున్నారు. ముందు ఆ వేలిగాడిని పట్టుకో."

నిన్న తనతో చాయ్ తాగిన సురేందర్ గుర్తొచ్చి నవీన పళ్లు బిగించింది. నెల నుంచి ఆమె అమీర్‌పేటలో మెడికల్ కోడర్‌ వేషంలో ఉంది. ఆసుపత్రుల చికిత్సలను బిల్లుల కోసం అంకెలుగా మార్చే పని.

మధ్యాహ్నం అదే పంజాగుట్ట ఆసుపత్రి ఎమర్జెన్సీ నుంచి ఒక కేసు వచ్చింది. బొటనవేలి కీలు తప్పింది. కోత లేకుండా చేత్తో లాగి సరిచేశారు. మత్తు ఇస్తే కోడ్ 26705, ఇవ్వకపోతే 26700. 'రోగి మత్తు వద్దన్నాడు' అని రాశాడు డాక్టర్.

నవీన వేళ్లు ఆగిపోయాయి. అంత నొప్పిలో మత్తెందుకు వద్దంటాడు? ఆ చేత్తో ఇంకా పనుంది గనక. పేషెంటు కాబట్టి గేటు దాటేశాడు!

"అది నాకు పంపు. నువ్వెళ్లి టీ తాగిరా," అంది టీమ్ లీడ్ మంజూష, వెనకే నిలబడి. ఆఫీసంతా తలతిప్పి చూసే అందం. జోగారావుకు రహస్య ఇన్‌ఫార్మర్.

"జర ఆగు మేడం."

మంజూష పెన్ను క్లిక్‌మంది. విషపు సూది దూసుకొచ్చింది. నవీన పక్కకు తప్పుకుని, ఆమె తలను మానిటర్‌కేసి బాదింది. అద్దం పగిలింది.

"ఎన్నడు అమ్ముడువోయినవ్?"

"మీ మనిషిని ఎప్పుడయ్యాను గనక?" రక్తం ఉమ్మి నవ్వింది మంజూష.

ఆమెను కుర్చీకి కట్టేసి నవీన మెట్రో ఎక్కింది. ఒకటే స్టేషన్.

ఐసీయూలో వార్డ్‌బాయ్ బట్టల్లో ఒకడు, బొటనవేలికి పట్టీతో, సైంటిస్ట్ సెలైన్ గొట్టంలోకి సిరంజి గుచ్చుతున్నాడు. నవీన వాడి మీదికి దూకింది. వాడి తన్నుకు ఆమె పక్కటెముక విరిగింది. కత్తి మోచేతిని చీల్చింది. ఆమె ఆ పట్టీ వేలినే అందుకుని విరిచేసింది. వాడు అరిచేలోపు సిరంజి లాక్కుని మెడలో పొడిచి ఖాళీ చేసింది. వాడు గిలగిలా కొట్టుకుని కుప్పకూలాడు.

ఫోన్లో జోగారావు. "వాడేడి?"

"పోయిండు సార్."

"పోయాడా! ఎటు పోయాడు?"

నవీన కాళ్ల దగ్గరి శవాన్ని చూసింది.

"గది నాకు సుత తెల్వది సార్."