చివరిగా ముట్టుకున్నవాళ్ళు

గేమ్‌లో కాంతారావు ఊపిరందక గిలగిల్లాడుతున్నాడు. కాంతారావంటే మనిషి కాదు లెండి, కంప్యూటర్ పుట్టించిన రోగి. ఎస్తేరు రాణి అనే నర్సింగ్ విద్యార్థిని కళ్ళకి గాగుల్స్, చేతులకి సెన్సర్ గ్లవ్స్ పెట్టుకుని అతని మంచం పక్కన నిలబడింది. ఆ గ్లవ్స్ మహిమ ఏమిటంటే, లేని మనిషి మణికట్టు పట్టుకున్నా నాడి వేళ్ళకి తగులుతుంది. సూది గుచ్చబోతే నరం జారిపోతుంది కూడాను.

కాంతారావు పెదాలు నీలం తిరిగాయి. రాణి చటుక్కున రెండడుగులు వెనక్కి వేసింది.

"సలోమీ, ఈయన్ని కాస్త నువ్వు చూడవే," అంది పక్కపిల్లతో.

పాపం సలోమి చెయ్యి వేసిందో లేదో, కాంతారావు పోయాడు. మార్కులు సలోమికే తెగాయి.

అద్దం వెనకనుంచి చూస్తున్న విమలాకర్ నవ్వుకున్నాడు. ఆ గేమ్ తయారుచేసిన మహానుభావుడు ఆయనే. రోగి పోతే చివరిగా ఎవరి గ్లవ్ తాకిందో వాళ్ళ మార్కులు కొయ్యాలని నియమం పెట్టిందీ ఆయనే. భయం ఉంటేనే బాధ్యత వస్తుందని ఆయన నమ్మకం.

"సార్, పోయే రోగుల్ని ఒకళ్ళ మీదికొకళ్ళు తోసేస్తున్నారు పిల్లలు," అంది ట్యూటర్ మంగతాయారు.

"తెలివైనవాళ్ళు మేడమ్. ఎప్పుడు తప్పుకోవాలో తెలియడం కూడా విద్యే."

"రేపు వార్డులోనూ ఇలాగే చేస్తే?"

"భలేవారే! వార్డులో మార్కులుండవుగా."

ఉండవు, నిజమే. గేమ్‌కి అవార్డొచ్చింది. అందులో ఫస్టొచ్చిన రాణికీ, ఆ తర్వాత తనూ తప్పుకోవడం నేర్చుకున్న సలోమికీ, వాళ్ళ క్లాసు కెజియాకీ కాలేజీ ఆస్పత్రిలోనే ఉద్యోగాలొచ్చాయి.

మరుసటేడు విమలాకర్ భార్య దేవసేనకి న్యుమోనియా వచ్చి ఆ ఆస్పత్రిలోనే చేరింది.

"అందరూ మన పిల్లలే, నీకేం భయం లేదు," అన్నాడాయన గర్వంగా.

నిజంగానే కళ్ళలో పెట్టుకుని చూశారు. రాణి ఒక్క పోటుకే నరం పట్టుకుంది. జ్వరం తగ్గింది. "పప్పుచారూ అన్నం ఎప్పుడు పెడతారే?" అని దేవసేన పేచీ కూడా పెట్టింది. డాక్టరు ఇంకెంత, రెండ్రోజుల్లో ఇంటికి పంపించేస్తానన్నాడు. గొంతులో కఫం అడ్డుపడితే మాత్రం వెంటనే సక్షన్ ట్యూబుతో లాగెయ్యమని నర్సులకి మరీమరీ చెప్పి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే కఫం అడ్డుపడింది. దేవసేన కళ్ళు తేలేసింది. మానిటర్ గోలపెట్టింది.

రాణి పరుగెత్తుకొచ్చి ట్యూబు అందుకుంది. దేవసేన పెదాల వంక చూసింది. నీలం. ట్యూబు మంచం మీద పెట్టేసి రెండడుగులు వెనక్కి వేసింది.

"సలోమీ, నువ్వు చూడు."

సలోమి దగ్గరిదాకా వచ్చి ఆగిపోయింది. "కెజియా, నువ్వు రా." కెజియా గుమ్మం దాటి రాలేదు.

ఆ రెండడుగులూ విమలాకర్‌కి బాగా తెలుసు.

"ఏమిటమ్మా అలా నిలబడతారు! ట్యూబు పెట్టండి!"

"డాక్టర్ గారికి ఫోన్ చేశాం సార్, వచ్చేస్తున్నారు."

"ఆయనొచ్చేదాకా ఆగుతుందా? ఇక్కడ మార్కుల్లేవు తల్లీ! ఎవరూ కొయ్యరు! నీ కాళ్ళు పట్టుకుంటాను!"

రాణి వెక్కివెక్కి ఏడుస్తోంది. "తెలుసు సార్. కానీ చెయ్యి రావట్లేదు సార్. అమ్మగారంటే నాకెంత ఇష్టమో మీకు తెలీదు. చెయ్యి రావట్లేదు."

విమలాకర్ తనే ట్యూబు అందుకున్నాడు. అది గొంతులోకి ఎంత లోతు దిగాలో గేమ్‌లో లెక్కకట్టి రాసింది ఆయనే. నిజం మనిషి గొంతులో మాత్రం ఏనాడూ పెట్టిన పాపాన పోలేదు. ట్యూబు పళ్ళకి తగిలింది, దవడలోకి జారింది. దేవసేన ఆయన చొక్కా గట్టిగా పట్టుకుంది. కాసేపటికి వదిలేసింది.

డాక్టరు ఆయాసపడుతూ వచ్చి, గొంతు శుభ్రం చేసి, చాలాసేపు ఛాతీ నొక్కి, చివరికి అడ్డంగా తలాడించి వెళ్ళిపోయాడు.

అప్పుడొచ్చారు ముగ్గురూ. రాణి కళ్ళు తుడుచుకుని దేవసేన రెప్పలు మెల్లగా మూసింది. సలోమి దవడకి గుడ్డ కట్టింది. కెజియా కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టి, చెదిరిన జుట్టు దువ్వింది. ఎంత ఒద్దిగ్గా చేశారని! సొంత కూతుళ్ళయినా అంత బాగా చెయ్యరు.

"మీరు కాస్త పక్కకి జరగండి సార్, మేం చూసుకుంటాం," అంది రాణి.

విమలాకర్ జరిగి, గోడకానుకుని చూస్తూ ఉండిపోయాడు. వాళ్ళు ఒక్క తప్పు కూడా చెయ్యలేదు.