నలభై పేర్ల ఫైలు

ఏజెంట్ నీడ మారువేషం వేస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. పదిహేనేళ్ళ సర్వీసులో ఆయన్ని పోల్చుకున్న మనిషి లేడు, ఆయన చేతికి చిక్కకుండా పోయిన శత్రువు లేడు. అందుకే డిపార్ట్‌మెంట్ పెద్దాయన ఈ పని మరొకరికి ఇవ్వకుండా నీడనే పిలిపించాడు.

"ఎల్లుండి మున్సిపల్ ఎన్నికలు. ఇద్దరే నిలబడ్డారు. ఇరవై ఏళ్ళుగా కుర్చీకి అతుక్కుపోయిన ఛైర్మన్ ఒకడు. బట్టలు కుట్టే ఆవిడ ఒకతె."

"దర్జీ ఆవిడ గెలుస్తుందా సార్?"

"దొంగ ఓట్లు పడకపోతే గెలుస్తుంది. ఆవిడ తరఫున నలభైమంది ఆడవాళ్ళు నలభై బూతుల్లో కాపలా కూర్చోబోతున్నారు. వాళ్ళెవరో ఛైర్మన్‌కి తెలీదు. తెలిసిందా, ఇంటికి గూండాలొస్తారు. ఎల్లుండి ఒక్కతీ గడప దాటదు."

"ఛైర్మన్ వెనక ఎవరు?"

"ఓ విదేశీ ముఠా. ఏటి ఇసుకంతా వాళ్ళకి కావాలి. ముఠా మనిషి కోడ్ పేరు నీలం టై."

"ఆ నలభై పేర్లూ ఎక్కడున్నాయి?"

"ఎక్కడ ఉండకూడదో అక్కడే. విదేశీ సహాయంతో నడిచే మహిళా చైతన్య ప్రాజెక్టు ఆఫీసులో. ఆ ఆడవాళ్ళంతా అక్కడ చదువుకున్నవాళ్ళే. పేరు, వీధి, ఇంటి నంబరు, అన్నీ ఫారాల్లో రాయించుకున్నారు."

"ఎందుకు సార్?"

"ప్రజాస్వామ్యం నేర్పడానికి ఇంటి నంబరెందుకో నాకూ తెలీదోయ్. ఆ ఫైలు ముఠా చేతికి పోకుండా చూడు."

నీడకి పెన్నులో కెమెరా, బొత్తాంలో మైకు, సిగ్నళ్ళని స్తంభింపజేసే వాచీ ఇచ్చారు. వేషం: ఇవాల్యుయేషన్ కన్సల్టెంట్. ఈ వేషంలో ఓ సుఖముంది. ఏమీ తెలియకపోయినా ఎవరూ అడగరు. ఏదైనా తెలిస్తేనే అనుమానిస్తారు.

ఆఫీసు మూడంతస్తులు. మూడింటికీ ఏసీ. గోడనిండా రంగురంగుల చీటీలు: నాయకత్వం, భాగస్వామ్యం, పరివర్తన, టీ విరామం. మెడలో కార్డులు వేలాడేసుకున్న పాతికమంది ఒకరికొకరు ప్రెజెంటేషన్లు చూపించుకుంటున్నారు. ఊళ్ళో ఆడవాళ్ళు ఎలా బతుకుతున్నారో వాళ్ళకి లాప్‌టాప్‌లో మహా బాగా తెలుసు. కిటికీ తీసి చూసిన పాపాన మాత్రం పోలేదు, ఏసీ గాలి పోతుందని.

ఆ ఆడవాళ్ళు పెరట్లో ఉన్నారు. రేకుల షెడ్డు, ఓ నల్లబల్ల, ఓ టీచరమ్మ. అక్షరాలు ఆవిడే నేర్పింది. ప్రతి బూతులోనూ అభ్యర్థి మనిషి కూర్చోవచ్చనే రూలు కూడా ఆవిడే చదివి చెప్పింది. అంత పెద్ద ప్రాజెక్టులో పని చేసిందల్లా ఆ సుద్దముక్కొకటే.

డైరెక్టర్ మేడమ్ వచ్చింది. ముందు సెంటు వచ్చింది, వెనక ఆవిడ. ఆఫీసు లోపల కూడా నల్లకళ్ళద్దాలే. నీడ డిపార్ట్‌మెంట్‌కి రహస్య నివేదికలు పంపేది ఆవిడే. అవే నివేదికలు ముందురోజే నీలం టైకి పంపేదీ ఆవిడేనని నీడకి అప్పుడే కొత్తగా తెలిసింది. పెన్ను కెమెరాలోంచి ఆవిడ ఫోను మీదికి తొంగి చూశాడు మరి.

"సాయంత్రం ముగింపు సభ. ఫైలు అక్కడే పంపిస్తా," అని ఉందందులో.

నీడ పెరట్లోకి పరుగెత్తాడు. దర్జీ ఆవిడ గుమ్మంలో కూర్చుని ఎవరిదో జాకెట్టుకి హుక్కులు కుడుతోంది.

కన్నతల్లి కూడా గుర్తుపట్టదన్నాను కదా. ఆవిడ సంగతి నాకు తెలీదు. దర్జీ ఆవిడ మాత్రం పట్టేసింది, అదీ చేతిలో సూది ఆపకుండా.

"కన్సల్టెంట్ కోటుకి చంకలో అంత జేబెందుకు బాబూ? పిస్తోలుకా? కుట్టు చూడు ఎలా పీక్కుపోయిందో. గవర్నమెంటు కుట్టే అది."

నీడ మొహం మాడిపోయింది. "అక్కా, మీ నలభైమంది పేర్లూ శత్రువుకి చేరబోతున్నాయి."

"ఏ పేర్లు?"

"ఫారాల్లో రాసినవి."

"అవా?" పంటితో దారం తెంపింది. "మీరేం కంగారు పడకండి."

"అడ్డుకోవడానికే నన్ను పంపారు!"

"అయితే అడ్డుకోండి. కాదన్నానా? ముందు ఆ కోటిలా ఇవ్వండి, రెండు కుట్లేస్తాను. సభలో పరువు పోతుంది."

సాయంత్రం సభ. వేదిక మీద నీలం టై, విదేశీ నిపుణుడి హోదాలో. ముఖ్య అతిథి ఇంకెవరు, ఛైర్మనే! ఆడవాళ్ళని వరసగా నిలబెట్టి ముందు పెద్ద బానర్ పట్టుకోమన్నారు. ఫొటోలో బానర్ బ్రహ్మాండంగా పడింది. ఆడవాళ్ళవి నుదుళ్ళు పడ్డాయి.

ఛైర్మన్ మైకు అందుకున్నాడు. "స్త్రీ అంటే తల్లి! స్త్రీ అంటే శక్తి!"

పక్కన మేడమ్ లాప్‌టాప్ తెరిచి ఫైలు పంపడం మొదలెట్టింది. అరవై శాతం. డెబ్భై. నీడ వాచీ నొక్కాడు. సభలో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. ఫైలు ఆగలేదు. ఎనభై. నీడ ముందుకు దూకాడు. మేడమ్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి ఆయన గుండెకి గురిపెట్టింది. లిప్‌స్టిక్ కాదది, బుల్లి పిస్తోలు.

"కదిలితే కాలుస్తా."

"మహిళా సభలోనా?"

"చప్పట్లలో వినపడదు."

తొంభై. తొంభై తొమ్మిది. నూరు.

నీలం టై తన ఫోను చూసుకుని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాడు. ఊరిచివర జీపులో కాసుక్కూర్చున్న గూండాలకి జాబితా వెళ్ళిపోయింది. పొరుగూరి మనుషులు, ఎవరు ఎవరో తెలీదు. ఏ నంబరిస్తే ఆ తలుపు పగలగొట్టే నిజాయితీపరులు. ఛైర్మన్ మాత్రం ఆ జాబితాని కన్నెత్తి చూడలేదు. చేతికి మట్టి అంటకూడదని మొదట్నుంచీ ఆయన పట్టుదల.

ఫైలు వెళ్ళగానే మేడమ్ నవ్వి బ్యాగ్ మూసేసింది. నీడ వెనక వరసలో కూర్చున్న దర్జీ ఆవిడ దగ్గరికి ఉరికాడు. "అక్కా, లేవండి! అందర్నీ తీసుకుని పారిపోండి. నేను ఓడిపోయాను."

"కూర్చో బాబూ. పెద్దమనిషి మాట్లాడుతున్నాడు కదా."

"మీ ఇళ్ళకి గూండాలు..."

"మా ఇళ్ళకెందుకొస్తారు?"

ఛైర్మన్ జేబులో ఫోను మోగింది. స్త్రీశక్తి మధ్యలో ఎత్తి "ఏంటమ్మా?" అన్నాడు. తర్వాత ఆయన మొహం చూడాలి. వంకాయ రంగుకి తిరిగింది.

మైకు నోటి దగ్గరే ఉందన్న సంగతి మరిచి నీలం టై కాలరు పట్టుకున్నాడు.

"మా అమ్మ ఇంటి తలుపు పగలగొట్టిస్తావేంరా! మా అత్తగారి ఇల్లు కూడానా? మా పిన్ని, మా మేనత్త, మా వదిన! నేను భయపెట్టమంది ఆ దర్జీదాని మనుషుల్ని కదరా! నీకు ఏటి ఇసుక రాసిచ్చేది ఇందుకా?"

ఆరు లౌడ్‌స్పీకర్లు. నాలుగు కెమెరాలు, ప్రాజెక్టు విజయాన్ని చిత్రీకరించడానికి అద్దెకు తెచ్చినవి. బందోబస్తుకొచ్చిన పోలీసులకి విననట్టు నటించే దారి లేకపోయింది. నీలం టై, ఛైర్మన్ ఇద్దర్నీ అక్కడే పట్టుకున్నారు. గోడదూకబోయిన మేడమ్‌ని టీచరమ్మ కొంగుపట్టి లాగింది.

అసలు సంగతి నీడకి దర్జీ ఆవిడే చెప్పింది.

"పోయిన ప్రాజెక్టులో మా పేర్ల మీద వచ్చిన కుట్టుమిషన్లు ఛైర్మన్ చుట్టాల ఇళ్ళకి పోయాయి బాబూ. అందుకని ఈసారి వాళ్ళ పేర్ల మీద మేం చదువుకున్నాం. చెల్లుకు చెల్లు."

"ఆఫీసువాళ్ళు కనిపెట్టలేదా?"

"రోజూ పేర్లు పిలిచేవాళ్ళు. 'ఛైర్మన్ గారి అమ్మ' వయసు డెబ్భై ఎనిమిదని రాశాం. ఆ పేరుకి నేను చెయ్యెత్తితే చప్పట్లు కొట్టారు."

"మరి మీవాళ్ళ అసలు పేర్లు?"

"నా బుర్రలో ఉన్నాయి. ఆఫీసు కాయితం మీద అసలు పేరు రాసేంత పిచ్చివాళ్ళమా? చదువుకున్నాం కదా!"

ఎన్నికల రోజు నలభై బూతుల్లో నలభైమంది పొద్దున్నే కూర్చున్నారు. ఆవిడ గెలిచింది. ప్రాజెక్టు తుది నివేదికలో ఛైర్మన్ తల్లి నిండు పేజీ విజయగాథ: "అక్షరం ముక్క రాని నిరుపేద మహిళ, నేడు నాయకురాలు." పై దేశంలో ఆ పేజీ చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. ప్రాజెక్టు మరో మూడేళ్ళు పొడిగించారు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ లిప్‌స్టిక్ పిస్తోలు. నిజానికి మేడమ్ తలైనా తిప్పకుండా "సార్, కొంచెం పక్కకి జరగండి" అంది. నీడ జరిగాడు.