పైఇంటి కుళాయి

ముఖం నిండా సబ్బు నురగ. ఒక కన్ను మూసుకునే మెట్లెక్కి, అతను పైఇంటి తలుపు దబదబా బాదాడు.

తలుపు తీసిన అమ్మాయి అడుగు వెనక్కి వేసింది. "ఎవరండీ మీరు?"

"కిందింటివాణ్ణి! మీ వంటింట్లో కుళాయి ఎప్పట్నుంచో పారుతోంది. నాకు చుక్క రావట్లేదు. ఇద్దరికీ ఒకటే ట్యాంకు, తెలుసా?"

ఆమె నవ్వు ఆపుకుంటూ మగ్గుతో నీళ్ళు తెచ్చింది. "ముందు ముఖం కడుక్కోండి. తర్వాత తిడుదురుగాని."

కడుక్కునేసరికి కోపం సగం కొట్టుకుపోయింది. మిగతా సగాన్ని కూడగట్టుకున్నాడు. "చెరువు ఎండిపోయింది. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలీదు. కింద నా పక్కవాటాలో బామ్మగారు మోకాళ్ళ నొప్పులతో బిందె మోస్తున్నారు. మీరేమో..."

"సారీ." ఆమె వెళ్ళి కుళాయి కట్టేసింది.

ఇల్లు ఒక్కసారిగా మూగబోయింది. ఆమె ముఖంలో నవ్వు కూడా ఆరిపోయింది.

"కాల్ సెంటర్లో రోజంతా ఎవరెవరితోనో మాట్లాడతానండీ. ఇంటికొస్తే పలకరించే మనిషి లేదు. ఇదివరకు నేనొచ్చే వేళకి అమ్మ గిన్నెలు కడుగుతూ ఉండేది. అమ్మ పోయాక... ఆ నీళ్ళ చప్పుడు వింటే లోపల ఎవరో ఉన్నట్టుంటుంది. తప్పే. ఇంకెప్పుడూ కుళాయి అలా వదిలెయ్యను."

"అది కాదండీ..." అన్నాడు. ఏది కాదో చెప్పలేక మెట్లు దిగిపోయాడు.

మర్నాడు తన కళ్ళజోళ్ళ దుకాణం మూసి వచ్చేసరికి అతని కుళాయి నిండుగా ధార కట్టింది. పైన మాత్రం అలికిడి లేదు. ఇన్నాళ్ళూ ఆ నీళ్ళ చప్పుడు తనకూ తోడుగా ఉందని అప్పుడు తెలిసింది. తనకు మాత్రం ఎవరున్నారు, ఎక్కడో దూరాన ఉన్న అక్క తప్ప!

మళ్ళీ తలుపు కొట్టాడు, ఈసారి మెల్లగా.

"ఇవాళా నీళ్ళు రావట్లేదా?" ఆమె కంగారుపడింది.

"వస్తున్నాయి. అందుకే వచ్చాను. మీ గిన్నెలు నేను కడుగుతాను, టబ్బులో కాసిని నీళ్ళు పోసుకుని. చప్పుడు కావాలంటే నాలుగు పడేస్తాను."

ఆమె పగలబడి నవ్వింది.

అప్పట్నుంచి సాయంత్రాలు మారిపోయాయి. ఆమె వండేది, ఇద్దరూ తిన్నాక అతను గిన్నెలు కడిగేవాడు. మిగిలిన నీళ్ళు ఇద్దరూ కలిసి బామ్మగారికి దించేవారు. "మీరిద్దరూ ఒకే ఇంటివాళ్ళా?" అని ఆవిడ అడిగితే, ఏ గోడ వంక చూడాలో ఇద్దరికీ తెలిసేది కాదు.

అంతలో అక్కకు జబ్బు చేసిందని కబురొచ్చింది. పైఇంటి అమ్మాయి ఆఫీసులో ఉండగానే అతను బయల్దేరాల్సి వచ్చింది. ఫోన్ నంబరు అడగడానికి అన్నాళ్ళూ మొహమాటమే అడ్డొచ్చింది.

అతని మాటల్లో పదేపదే పైఇంటి అమ్మాయే వస్తుంటే, అక్క కోలుకుంటూనే కనిపెట్టేసింది. "ఇక్కడ కూర్చుని ఆ కిటికీలోంచి ఏం చూస్తావురా? వెళ్ళి ఆ అమ్మాయినే అడుగు. నాకిష్టమే."

తిరిగొచ్చి, బ్యాగు భుజానే ఉండగా తలుపు కొట్టాడు.

"చెప్పకుండా వెళ్ళిపోతారా?" ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అక్కకి బాగోలేదు. మీ నంబరు లేదు..."

"అడగొచ్చుగా!"

"భయమేసింది."

లోపల బల్ల మీద రెండు కంచాలు కనిపించాయి. "ఎవరైనా వస్తున్నారా?"

"రోజూ ఇద్దరికి వండాను. రోజూ ఒక్కదాన్నే తిన్నాను."

అతను ఆ రెండో కంచం వంక చూశాడు. "మళ్ళీ రోజూ... రావచ్చా?"

"వద్దు."

అతని ముఖం పాలిపోయింది. ఆమె అతని భుజం మీది బ్యాగు తీసి లోపల పెట్టింది.

"వచ్చి వెళ్ళేవాళ్ళు వద్దు. ఉండిపోయేవాళ్ళే కావాలి."