కవాతు మైదానంలో కార్పొరల్ మరణం

"రేపు కవాతులో కెప్టెన్ నాసర్‌ని లేపేస్తున్నారు," అన్నాడు ఉబాద్ మావ, మరుగుతున్న చాయ్‌లో పాలు పోస్తూ.

తెల్లదొరలు ఖాళీ చేసి పోబోతున్న ఏడెన్‌లో, క్రేటర్ బజారులో అతనిది చాయ్ కొట్టు. వెనకగది విముక్తి దళం గూఢచారుల ఆఫీసు. ఏజెంట్ ముక్బిల్ బుగ్గలోని మత్తు ఖాత్ ఆకు నమలడం ఆపాడు.

"ఎవరు చెప్పారు?"

"నజాత్."

ఆఫీసర్ల క్లబ్బులో పాడే నజాత్ పేరెత్తితే ఊళ్లో ఉమ్మేస్తారు. మేజర్ పెల్హామ్‌కి మన రహస్యాలు మోస్తుందని. మోస్తుందన్న మాట నిజమే. అటువి ఇటు మోస్తుంది.

"గడియారం టవర్ మీంచి తెల్ల సార్జెంటు కాలుస్తాడు. యాఫి తెగ కంపెనీకిచ్చిన తుపాకీతో. చచ్చేవాడు ఔలఖీ తెగవాడు. ఇంకేముంది, రెండు కంపెనీలూ ఒకర్నొకరు కాల్చుకుంటాయి. 'మేం పోతే వీళ్ల గతి ఇదీ' అని పత్రికలవాళ్లకి చూపించి దొరలు ఓడెక్కుతారు."

"కెప్టెన్‌కి చెప్పలేదా?"

"చెప్పాం. నా తెల్ల ఆఫీసర్లు అంతపని చెయ్యరన్నాడు. వాళ్ల ఉప్పు బాగా ఎక్కింది వెధవకి!"

"మావా, నా తమ్ముడు యాఫి కంపెనీలో ముందు వరసవాడు."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా."

దొరలు పెంచిన ఈ అరబ్బు దండు చరిత్ర వాళ్ల పుస్తకాల్లో బాకాలతో, పతకాలతో మెరిసిపోతుంది. అసలు చరిత్ర ఒక్క ముక్క: ఆకలేసిన కొండవాడికి ఖాకీ తొడిగి పక్క కొండవాడి మీదికి తోలడం. అందుకే కంపెనీకో తెగ. కలిసి తింటే కలిసి ఆలోచిస్తారని భయం.

పొద్దున కవాతు. తెల్ల అంగీ, ఎర్ర దట్టీతో బేరర్ వేషంలో ముక్బిల్ కాఫీ పళ్లెం మోస్తున్నాడు. నల్ల కళ్లద్దాలతో నజాత్ మేజర్ పక్కన కూర్చుంది. ఆమె హ్యాండ్‌బ్యాగులో సిగరెట్ పెట్టెంత టేప్‌రికార్డర్. బ్యాండు ముందు పటాలం పొట్టేలు నడుస్తోంది. కొమ్ములకి వెండి తొడుగులు, వీపు మీది పట్టుగుడ్డకి కార్పొరల్ చారలు. జీవితమంతా సెల్యూట్లు కొట్టిన మనవాళ్లకి రాని చారలు!

"కాఫీ చల్లారింది," అంది నజాత్.

కోడ్ అది. సార్జెంటు టవరెక్కాడన్నమాట.

ముక్బిల్ పళ్లెం విసిరేసి కెప్టెన్ మీదికి దూకాడు. తుపాకీ పేలింది. గుండెకి రావలసిన గుండు భుజంలో దిగింది.

"యాఫివాళ్లు కాల్చారు!" మేజర్ అరిచాడు. అరబ్బీలో, బాగా సాధన చేసి మరీ.

రెండు కంపెనీల తుపాకులూ లేచాయి. ఔలఖీ గొట్టాల ముందు తమ్ముడి మొహం పాలిపోయి ఉంది. ముక్బిల్ వాడి నడుమునుంచి బాయ్‌నెట్ లాగాడు. పొట్టేలుని వెండికొమ్ములు పట్టి రెండు వరసల మధ్యకి ఈడ్చి, ఒక్క వేటున గొంతు కోశాడు.

ట్రిగ్గర్ల మీది వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

మా కొండల్లో, నింద పడ్డవాడు ఎదుటివాడి ముందు జంతువుని కోస్తే, అతని మాట వినేదాకా తుపాకీ దించుకోవాలి. తండ్రిని చంపినవాడైనా సరే. ఆ తరవాత కూడా కాల్చినవాడితో ఎవడూ కూడు తినడు, వాడికెవడూ పిల్లనివ్వడు. తెగల మీద మేజర్‌కి బీరువా నిండా ఫైళ్లున్నాయి. ఎవరికెవరు పగవాళ్లో అన్నీ రాసుకున్నాడు. పగ ఎలా ఆగుతుందో రాసుకోలేదు. వాడికి దాంతో పనేంటి?

"నేను యాఫి బిడ్డని! మీ ముందు పొట్టేలుని కోశాను! వినండి!" అరిచాడు ముక్బిల్.

కెప్టెన్ భుజం పట్టుకుని లేచాడు. "చెప్పు, వింటాం. దించండ్రా తుపాకులు!"

నజాత్ మైకు ముందు టేప్ పెట్టింది. రోజూ ఆజ్ఞలిచ్చే మేజర్ గొంతే మైదానమంతా మోగింది: "నాసర్ పడగానే 'యాఫివాళ్లు కాల్చారు' అని అరుస్తాను. మిగతాది ఆ మంద చూసుకుంటుంది."

మంద చూసుకుంది. తుపాకులన్నీ మెల్లగా టవర్ వైపు తిరిగాయి. సార్జెంటు చేతులెత్తి దిగొచ్చాడు.

"నజాత్, నువ్వా!" అన్నాడు మేజర్.

"పాట నచ్చలేదా దొరా? పాడింది మీరేగా."

దండులో విచారణ జరిగింది. కెప్టెన్ భుజం గురించి ఒక్క ప్రశ్న లేదు. అడిగిందల్లా కార్పొరల్‌ని ఎవరు చంపారని. హంతకుడు దొరకలేదు. శవమూ దొరకలేదు. అప్పటికే యాఫివాళ్లూ ఔలఖీలూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని, అన్నంలో కలిపి తినేశారు.