పైన తడి, కింద పొడి

కారు తలుపు తెరవగానే ఇన్‌స్పెక్టర్ ముక్కు మూసుకుంది.

మాడిన నూనె కంపు. దాని మీద వాంతి కంపు. ఆ రెంటినీ కప్పెట్టడానికి అద్దం దగ్గర వేలాడదీసిన మల్లె సెంటు డబ్బాలు. ఒకటి కాదు, మూడు.

"ఛీ!" అంది.

స్టేషన్‌లో ఆమెకు చాటుగా 'ఛీ మేడం' అని పేరు. ఊరికే రాలేదు. ఊళ్లో కుళ్లంతా తిరిగి తిరిగి తన బల్ల మీదికే వస్తుందని ఆమె ఏడుపు.

ఉదయం ఏడున్నరకు ఈ కారు అదుపు తప్పింది. సైకిల్‌ను గుద్ది, గోడకు తగిలి ఆగింది. సైకిల్ మీద వెళ్తున్న పాలాయన కాలు విరిగింది. డ్రైవర్ స్టీరింగ్ మీద వాలిపోయి ఉన్నాడు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. రక్తంలో మందు లేదని రిపోర్టు వచ్చింది. అయినా కారు యజమాని, బట్టల షాపాయన, పట్టు వదలడం లేదు.

"మందు కాకపోతే ఇంకేదో మత్తు. వాడి మీదే కేసు రాయండి మేడం."

పక్కనే డ్రైవర్ భార్య నిలబడి ఉంది. పొద్దుటి నుంచి ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"మా ఆయన టీ తప్ప ఏదీ ముట్టడమ్మా. కేసు పడితే లైసెన్సు పోతుంది. తాగి కాలు విరగ్గొట్టినోడని పేరు పడితే ఇంకెవరు పనిస్తారు?"

ఇన్‌స్పెక్టర్ షాపాయన వైపు తిరిగింది.

"కారులో ఈ కంపు ఎప్పట్నుంచి?"

"కంపా? అబ్బే! పోయిన వారమే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సర్వీసింగ్ చేయించాను. పాత ఆయిల్ తీసి కొత్తది పోశారు. బండి పువ్వులా ఉంది."

"మీరు రోజూ ఎక్కుతున్నారా?"

"ఈ మధ్య... నడుస్తున్నాను. ఆరోగ్యానికి మంచిదని."

ఆమె ఆయన బొజ్జ వంక ఒకసారి చూసింది.

కారును ఆ సర్వీసింగ్ చేసిన షెడ్డుకే లాగించింది. అందర్నీ అక్కడికే రమ్మంది. లోపల అడుగు పెడితే చెప్పు నేలకు అంటుకుని లేవనంది. మెకానిక్ టీ తెప్పించాడు. గ్లాసు మీద నల్లటి వేలిముద్రలు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"గేర్ ఆయిల్ కారి మాడింది. పని నీది," అంది.

"కారలేదు మేడం. మీరే చూడండి."

కారును ర్యాంప్ మీదికి ఎత్తారు. టార్చి వేశారు. గేర్‌బాక్స్ కింద ఆయిల్ ట్రే పొడిగా ఉంది. బోల్టులు పొడిగా ఉన్నాయి. ఒక్క చుక్క లేదు.

"చూశారా!" అన్నాడు మెకానిక్ తరఫున కౌంటర్ చూసుకునే అతని బావమరిది, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

"నేను చెప్పలా? తప్పు వాడిదే," అన్నాడు షాపాయన.

డ్రైవర్ భార్య తల దించుకుంది.

అది చూసి ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్లు మండింది. తనకు ఎంత అసహ్యమైనా సరే, చెయ్యి పైకి పోనిచ్చి గేర్‌బాక్స్ పైభాగం తడిమింది. చెయ్యి ఎర్రటి గేర్ ఆయిల్‌తో జిగటగా తిరిగొచ్చింది. పక్కనున్న సైలెన్సర్ గొట్టం మీద నూనె మాడి పెచ్చు కట్టింది.

"ట్రే కారితే కింద తడవాలి. కింద పొడి, పైన తడి. అంటే కారలేదు, పొంగింది. పైన ఏముంది?"

"గాలి పోయే సన్న గొట్టం మేడం. నూనె ఎక్కువైతే వేడికి నురగొచ్చి అందులోంచి కక్కుతుంది." మెకానిక్ గొంతు తగ్గింది. "కానీ నేను ఎక్కువ పోయలేదు. బండి తిప్పుకొచ్చి, వేడి మీద, ఇంజిన్ ఆన్‌లో పెట్టి చూసే పోశాను."

ఆమె కారు దింపించి, ఇంజిన్ స్టార్ట్ చేయించి, నూనె కొలిచే పుల్ల లాగింది. దాని మీద రెండు గీతలు. బండి చల్లగా ఉంటే కింది గీత, వేడెక్కితే పై గీత. ఇప్పుడు బండి చల్లగానే ఉంది. అంత కక్కిన తర్వాత కూడా నూనె కింది గీత దాటి, పై గీత దగ్గరే ఉంది.

"బండి అప్పగించింది ఎవరు?"

"నేనే," అన్నాడు బావమరిది. "మర్నాడు పొద్దున్నే."

"అప్పుడు బండి చల్లారి ఉంది. పుల్ల తీసి చూపించావా?"

"మా షాపు పద్ధతే అది మేడం. నూనె కళ్లారా చూపిస్తే గానీ కస్టమర్‌కు నమ్మకం కుదరదు."

"చూసి సారేమన్నారు?"

బావమరిది షాపాయన వంక బిక్కచూపు చూశాడు.

"సగం పోసి టోపీ పెడుతున్నారా అన్నారు. పై గీత దాకా నింపితే గానీ కదలనన్నారు. నింపాను. ఆ టైంలో బావ లేడు."

మెకానిక్ నెత్తి బాదుకున్నాడు. "ఓరి దరిద్రుడా! కస్టమర్ మెప్పు కోసం కొంప ముంచావు కదరా!"

"వేడెక్కినప్పుడల్లా నూనె పొంగింది," అంది ఇన్‌స్పెక్టర్. "సైలెన్సర్ మీద పడి మాడింది. ఆ పొగను ఏసీ లోపలికి లాగింది. మూసిన కారులో ఆ మనిషికి కళ్లు తిరిగి, వాంతయింది."

"అయితే వాసనొస్తోందని వాడు నాకు చెప్పాలిగా!" షాపాయన గొంతు లేచింది.

"చెప్పాడయ్యా!" డ్రైవర్ భార్య మొదటిసారి తలెత్తింది. "చెప్పిన ప్రతిసారీ ఒక సెంటు డబ్బా ఇచ్చారు. అద్దాలు దించితే సీట్లకు దుమ్ము పడుతుంది, దించొద్దన్నారు."

"అబద్ధం! నాకే వాసనా రాలేదు."

"అయితే సరే," అంది ఇన్‌స్పెక్టర్. కారు వెనక తలుపు బార్లా తెరిచింది. "స్టేషన్ దాకా ఇందులోనే వెళదాం. అద్దాలు మూసి, ఏసీ వేసి. ఎక్కండి."

కంపు గుప్పున కొట్టింది. షాపాయన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"నా వల్ల కాదు మేడం! మొన్ననే ఇందులో ఇంటికొచ్చి కక్కుకున్నాను. ఆ కంపులో మనిషనేవాడు కూర్చోగలడా?"

తానేమన్నాడో ఆయనకు కాస్త ఆలస్యంగా అర్థమైంది.

"ఛీ!" అంది ఇన్‌స్పెక్టర్. ఈసారి కారును చూసి కాదు.

తర్వాత డ్రైవర్ భార్య వైపు తిరిగింది.

"నువ్వు ఆసుపత్రికి వెళ్లమ్మా. కేసులో నీ మొగుడి పేరు ఉండదని చెప్పు. ఎవరి పేరుంటుందో కూడా చెప్పు."